8 జీబీ ల్యాప్‌టాప్, రోజుకు 2 జీబీ డేటా: సిల్క్‌సాంగ్, బలాట్రో, స్టార్‌డ్యూలల్ల ఏది కొనొచ్చు?

గడియారం_సెంటర్ (నల్గొండ)

అన్నలందరికి నమస్తే. ల్యాప్‌టాప్ ఐ5 11వ తరం, 8 జీబీ ర్యామ్, సపరేటు గ్రాఫిక్స్ కార్డు లేదు. నెట్టు అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకు 2 జీబీ. స్టీమ్‌ల (పీసీ గేములు అమ్మే యాప్) మూడు గేములు చూసి పెట్టుకున్న: సిల్క్‌సాంగ్, బలాట్రో, స్టార్‌డ్యూ వ్యాలీ. ఈ మధ్య ఇవి ఆడినోళ్ళు జర వివరంగ చెప్పుండ్రి. "మస్తుంది", "వేస్టు" అని కాదు. ఏడ చిక్కుతం, ఎందుకు చిక్కుతం, ఈ మిషిన్ మీద నడుస్తదా లేదా, అది కావాలె. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ ముచ్చట వద్దు, అవి ఫోన్‌ల ఉండనే ఉన్నయి. గదిల ఏసీ లేదు, కూలర్ ఒక్కటే. ఎండకాలం ల్యాప్‌టాప్ ముట్టుకుంటే కాలుతది.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్)

ముందుగాల మిషిన్ సంగతి. మూడూ నడుస్తయి తమ్మీ. సిల్క్‌సాంగ్‌కు కనీసం 4 జీబీ ర్యామ్, 8 జీబీ జాగ కావాలె. బలాట్రో 150 ఎంబీ, స్టార్‌డ్యూ 500 ఎంబీ. అంటే బలాట్రో ఈ రాత్రే దిగుతది, సిల్క్‌సాంగ్ నీ డేటాను నాలుగైదు రోజులు మింగుతది. మధ్యల ఆపినా పర్వాలేదు, స్టీమ్ ఆగిన కాన్నుంచే మళ్ళ అందుకుంటది.

ర్యామ్ ఎన్ని స్టిక్కులల్ల ఉన్నదో చూసుకో. టాస్క్ మేనేజర్‌ల పర్ఫార్మెన్స్, అండ్ల మెమరీ నొక్కు. స్లాట్లు "1 ఆఫ్ 2" అని ఉంటే ఒక్క స్టిక్ మీదనే నడుస్తున్నట్టు. 1135జీ7 లాంటి ఐ5లల్ల ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉంటది గాని, ర్యామ్ డ్యూయల్ ఛానల్‌ల (రెండు స్టిక్కుల జోడి) లేకుంటే అదే చిప్పు ఉట్టి యూహెచ్‌డీ అని చూపిస్తది, పని కూడ మందగిస్తది. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, అంతా ర్యామ్ నుంచే తెచ్చుకోవాలె. ఒక్క స్టిక్ ఉంటే వచ్చే తొవ్వ సగమే. రెండో స్లాట్ ఖాళీగ ఉంటే అదే స్పీడుది 8 జీబీ స్టిక్ ఇంకోటి వేయించు. ఆ స్పీడు గదే పేజీల కనబడతది, డీడీఆర్4 అయితే మస్తుగ 3200 ఉంటది. కొన్ని మోడళ్ళల్ల ర్యామ్ బోర్డుకే అతికి ఉంటది, స్లాటే ఉండదు. అందుకే మోడల్ నంబరు చూసినంకనే పైసలు తియ్యి. ఈ మూడు గేముల కోసమే అయితే ఇది లేకున్నా గడుస్తది.

వేడికి: పవర్ ఆప్షన్లల్ల ప్రాసెసర్ మాగ్జిమమ్ స్టేట్ 100 నుంచి 99కి దించు. ఆ ఒక్క శాతంతోని టర్బో (అదనపు స్పీడు) బంద్ అవుతది, ఫ్యాన్ మోత తగ్గుతది, ఇసొంటి గేములకు ఫరకు తెలువది. గేముల వీసింక్ (ఫ్రేములను స్క్రీన్ స్పీడు కాడ ఆపేది) ఆన్ పెట్టు, లేకుంటే ఉత్త మెనూ స్క్రీన్ మీద కూడ వందల ఫ్రేములు తీసి మిషిన్ ఊకె కాగుతది. వెనుక వైపు రెండు పుస్తకాల ఎత్తు లేపు. కూలర్ గాలి నేరుగ ల్యాప్‌టాప్ మీదికి కొట్టనియ్యకు, అది తడి గాలి, దుమ్ము లోపల ముద్దకడ్తది.

డేటాకు రెండు పనులు. ప్రతి గేముకు ప్రాపర్టీస్‌లకు పోయి, అప్‌డేట్ "ఆడేటప్పుడు మాత్రమే" అని పెట్టు. ఇగ ఫైబర్ ఉన్న దోస్తు ఎవరన్న అదే గేము కొని ఉంటే, ఇద్దరు ఒకే వైఫై మీదికొచ్చి స్టీమ్ తెరవండి. డౌన్‌లోడ్ సెట్టింగులల్ల లోకల్ నెట్‌వర్క్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఉంటది, అది ఇద్దరి దగ్గర "ఫ్రెండ్స్" మీద ఉండాలె. ఫైళ్ళు ఆయన మిషిన్ నుంచే వస్తయి, నెట్టు నామమాత్రం. గేము మాత్రం నీ అకౌంట్‌ల కొని ఉండాలె.

జడ్చర్ల_జంక్షన్

బలాట్రో గురించి నేను చెప్తా. పోకర్ తీరు ముక్కల జట్లు వేసి స్కోరు కొట్టే ఆట, 2024 ఫిబ్రవరిల వచ్చింది. పేకముక్కల బొమ్మ చూసి ఇంట్లోళ్ళు గాయి చేస్తే చెప్పు, దీంట్ల పైసలు పెట్టేదీ లేదు, గెలిచేదీ లేదు. మన రాష్ట్రంల 2017 కాన్నుంచి బంద్ ఉన్న ఆన్‌లైన్ రమ్మీకి దీనికి సంబంధం లేదు. రమ్మీ తెలిసినోనికి ఒక లాభం ఉంటది, ఏ ముక్క పారేయాల్నో చెయ్యికి అలవాటుంటది.

లెక్క ఇట్ల ఉంటది. వేసిన ప్రతి చేతికి (ముక్కల జట్టుకు) చిప్స్, మల్ట్ అని రెండు అంకెలు, రెండిటిని గుణిస్తే స్కోరు. ఫ్లష్‌కు (ఐదు ముక్కలు ఒకే గుర్తువి) మొదట 35 చిప్స్, 4 మల్ట్. ఆసు, రాజు, 9, 7, 4 ఒకే గుర్తుల పడ్డయనుకో: ముక్కల విలువ 11+10+9+7+4, అంటే 41. దానికి 35 కలిపితే 76, ఇంటూ 4, 304. మొదటి బ్లైండ్ (దాటాల్సిన స్కోరు) 300. ఒక్క చేతితోని గట్టెక్కినవు. అందుకే కొత్తోళ్ళందరు ఫ్లష్ పట్టుకుంటరు, మంచిదే. తప్పు ఏడ జరుగుతదంటే, అదే ఫ్లష్‌ను జోకర్ల (స్కోరు పెంచే ముక్కల) ఆసరా లేకుండ చివరిదాక లాగుతరు. యాంటె అంటే మూడు బ్లైండ్ల మెట్టు: చిన్నది, పెద్దది, బాస్. మొదటి యాంటెల చిన్న బ్లైండ్ 300, రెండోదాంట్ల 800, తర్వాత 2,000, 5,000, 11,000, 20,000, 35,000, ఎనిమిదోదాంట్ల 50,000. పెద్ద బ్లైండ్ దానికి ఒకటిన్నర రెట్లు, బాస్ మామూలుగ రెండు రెట్లు. కూడుకుంట పోతే నాలుగో యాంటె దాటదు, గుణించేది కావాలె.

గుణించే జోకర్ ఏడ పెడ్తవన్నది ఇంకో సంగతి. జోకర్లు ఎడమ నుంచి కుడికి లెక్కకొస్తయి. +4 మల్ట్ ఇచ్చే ఉత్త జోకర్ ఒకటి, ఫ్లష్‌కు రెండింతలు చేసే ట్రైబ్ ఒకటి ఉన్నయనుకో. +4 ముందుంటే: (4+4)×2, 16 మల్ట్, పైన చెప్పిన చేతికి 1,216. ట్రైబ్ ముందుంటే: 4×2+4, 12 మల్ట్, 912. ముక్కలు అవే, జోకర్లు అవే. వాటిని మౌస్‌తోని పట్టుకుని జరపొచ్చన్నది కూడ మస్తుమందికి తెలువది.

పైసల సంగతి: రౌండ్ అయిపోయినంక చేతుల ఉన్న ప్రతి 5 డాలర్లకు 1 డాలర్ మిత్తి, ఎక్కువల ఎక్కువ 5. కాబట్టి 25 చేతుల పెట్టుకుని పైనున్నదే ఖర్చు చేయాలె. అట్లని మొదటి రెండు యాంటెలల్ల ఒక్క జోకర్ కూడ కొనకుండ మిత్తి కోసం కూసుంటే పోతవు. బ్లైండ్ స్కిప్ చేస్తే దుకాణం కూడ పోతది, మొదట్ల చేయకు. బాస్ ఎవడో ముందే కనబడతది, చదువు. నీడిల్ వస్తే ఒక్కటే చెయ్యి ఆడనిస్తడు, సైకిక్ వస్తే ప్రతిసారి ఐదు ముక్కలు వేయాలె, ప్లాంట్ వస్తే బొమ్మ ముక్కలు పని చేయవు. బొమ్మ ముక్కల మీదనే అంతా కట్టుకున్నోడు ప్లాంట్ దగ్గర ఆగమైతడు.

దేవరకొండ_దుర్గం

సిల్క్‌సాంగ్: ఎగురుకుంట, కొట్టుకుంట పటం తిరిగే ఆట. ఆస్ట్రేలియాల అడిలైడ్‌ల ఉండే టీమ్ చెర్రీది, 2025 సెప్టెంబర్ 4న వచ్చింది. బొమ్మలు, సంగీతం, పటం తీరు చూస్తే ఈ ధరల ఇంత ఇచ్చినోళ్ళు తక్కువ. కష్టం అనేది మాత్రం నిజం, ఆ కష్టం ఏడికెళ్ళి వస్తదో తెలిస్తే సగం తగ్గుతది.

మనం ఆడే పాత్ర హార్నెట్‌కు మొదట 5 మాస్కులు, అంటే ప్రాణాలు. మస్తుమంది బాసులు దెబ్బకు 2 తీస్తరు. 5, 3, 1, మూడో దెబ్బకు ఖతం. నాలుగు ముక్కలు ఏరి ఆరో మాస్కు తెచ్చుకున్నా 6, 4, 2, మూడో దెబ్బకే ఖతం. "ఆరోది దండుగ" అని కొందరంటరు, తప్పు. బైండ్ (నయం చేసుకునుడు) చేస్తే 3 మాస్కులు వస్తయి. 5 మాస్కులున్నోడు 1 మీద బైండ్ చేస్తే 4 అయితది, ఇంకొక్క దెబ్బనే ఓర్చుకుంటడు. 6 ఉన్నోడు 2 మీద చేస్తే 5 అయితది, రెండు దెబ్బలు ఓర్చుకుంటడు. ఆరోదాని ఫాయిదా గది.

బైండ్‌కు 9 సిల్క్ పోతది, సూదితోని కొట్టిన ఒక్కో దెబ్బకు 1 వస్తది. అంటే తొమ్మిది దెబ్బలు కొడితే ఒక్కసారి నయం. నడుమ దెబ్బ తగిలితే సిల్క్ పాయె, మాస్కులు రాకపాయె. అందుకే నేల మీద కాదు, బాస్ పెద్ద దెబ్బ వేసి తేరుకునే లోపల గాల్ల లేసి చేయాలె.

సచ్చిన కాడ ఒక గూడు మిగులుతది, దాంట్ల నీ రోసరీలు (ఆటల పైసలు) ఉంటయి. దాన్ని పగలగొడితే సిల్క్ కూడ నిండుతది. బాస్ గదిల ఉంటే పోంగనే కొట్టకు. మొదటి బైండ్ అయిపోయినంక కొట్టు, రెండో బైండ్ ఫ్రీగ వస్తది.

కిందికి కొట్టే దెబ్బ మొదట ఏటవాలుగ పోతది. శత్రువు నెత్తి మీదికి పోయి నొక్కితే తప్పుతది, అడుగు దూరం ఎడంగ ఉండి నొక్కాలె. అసలే అలవాటు కాకుంటే వాండరర్ క్రెస్ట్ (దెబ్బల తీరు మార్చేది) పట్టుకో, అది నిటారుగ కొడ్తది. బోన్‌గ్రేవ్‌ల ఉంటది, సింపుల్ కీ కావాలె. ఇగ హంటర్స్ మార్చ్ దిక్కు తొందరగ పోకు, అది తప్పనిసరి కాదు. పోతే అండ్ల బెంచీ కనబడంగనే కూసోకు, ఇంతకంటె చెప్ప. బెల్‌హార్ట్ ఊరిల సూదికి మొదటిసారి సాన పట్టుడు ఉచితం, అది మర్చిపోయి ముందుకు పోయినోళ్ళే బాస్ సస్తలేడని ఏడుస్తున్నరు.

ల్యాప్‌టాప్ కీబోర్డు మీద ఆడితే ఒక బాధ: ఎడమ, కింద, దెబ్బ మూడు కలిపి నొక్కితే కొన్ని కీబోర్డులు ఒకదాన్ని మింగేస్తయి. అట్లయితే కదలికలను డబ్ల్యూఏఎస్‌డీకి, మిగిలినవి జే, కే, ఎల్‌కు మార్చు.

మిర్యాల_మిల్లు

దుర్గం అన్న లెక్క కరెక్టే గాని, నాకు ఒప్పుకోబుద్ధి కాదు. బాస్ 2 తీస్తే సరే. గదిల లావాకు, దారిల కొన్ని పురుగులకు కూడ రెండేసి ఎందుకు? దాంతోని కొత్త జాగ తిరిగి చూద్దామన్న ఆశ సస్తది. వాళ్ళే విడుదలైన కొన్ని రోజులకు మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ బాసులను జర తగ్గించిన్రు, అంటే ఎక్కువైందని వాళ్ళకూ అనిపించినట్టే కద.

స్టార్‌డ్యూ ఎవరు చెప్పలే. వ్యవసాయం చేసే ఆట, 2016 నుంచి ఉన్నది, ఒక్క మనిషి చేసిండు. మన దిక్కు పల్లికాయకు వంద రోజులు దాటాలె, ఇక్కడ పార్స్‌నిప్ గడ్డ నాలుగు రోజులకే చేతికొస్తది. రైతు ఎవడన్న చూస్తే నవ్వుతడు. ఒక్క సీజన్ 28 రోజులు, సీజన్ మారంగనే పొలంల ఉన్న మస్తు పంటలు ఎండుతయి, అందుకే ఎన్ని రోజుల పంటనో చూసి వేయాలె. మొదటి వసంతంల పైసలు దాచిపెట్టి 13వ తారీకు ఎగ్ ఫెస్టివల్‌ల స్ట్రాబెర్రీ విత్తనాలు కొను, ఒక్కోటి 100. ఆ రాత్రే వేస్తే 21కి ఒక కోత, 25కి ఇంకోటి, కాయ 120. 16వ తారీకు దాక వేసినా రెండు కోతలు వస్తయి, ఇంకా ఆలస్యమైతే మాత్రం రెండోది రాదు. మిగిలింది ఆడుకుంటనే తెలుస్తది.

గడియారం_సెంటర్

అందరికి థ్యాంక్స్. టాస్క్ మేనేజర్‌ల 1 ఆఫ్ 2 అనే ఉన్నది. దుర్గం అన్నా, సిల్క్‌సాంగ్ కంటె ముందు దాని మొదటి భాగం, పాత హాలో నైట్ ఆడాల్నా?

దేవరకొండ_దుర్గం

కథ కోసమైతే అక్కర లేదు. చెయ్యి కోసమైతే అవును. 2017ల వచ్చిన అండ్ల మొదట్ల మస్తు దెబ్బలు ఒక్క మాస్కే తీస్తయి, కిందికి దెబ్బ నిటారుగ పోతది, నయం చేసుకునుడు కూడ ఒక్కో మాస్కు లెక్కన. సేల్‌ల తక్కువకే దొరుకుతది, అప్పటిదాక బలాట్రో ఆడు. ఏది కొన్నా కొన్న 14 రోజులల్ల, ఆట 2 గంటలు దాటకముందు వాపస్ ఇయ్యొచ్చు. సిల్క్‌సాంగ్‌ల ఆ రెండు గంటలు మిషిన్ మీద సాఫీగ నడుస్తదా, కీబోర్డు మింగుతుందా అని చూసుకోనీకే పనికొస్తయి. కష్టం సంగతి అప్పటికి తెలువది, అసలుది ఆ తర్వాతనే షురూ అయితది.