అప్‌డేట్: సంప్ పెట్టేశాను, పంపు ఆగినా పొర్లడం లేదు

ఉప్పునీటి చేపల ట్యాంకు కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టి) పెడితే, పంపు ఆగినప్పుడు నీళ్లన్నీ దిగి పొర్లిపోతాయేమోనని అడిగాను కదా, పెట్టేశాను. ట్యాంకు అడుగు అద్దం టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచినది), నీళ్లు దిగే చిల్లు కోసం డ్రిల్ పెడితే పగిలిపోతుంది. అందుకే పైనీళ్లను సంప్‌లోకి దింపే, అంచుకు తగిలించే ఓవర్‌ఫ్లో బాక్స్ వాడాను.

మొదటిసారి స్విచ్ ఆపగానే గుండె ఆగినంత పనైంది. సంప్ నుంచి నీళ్లను పైకి తెచ్చే రిటర్న్ పైపు మూతి ట్యాంకులో బాగా లోతుగా ఉండటంతో నీళ్లు వెనక్కి లాగేసి, సంప్ అంచుకు వేలెడు దూరం దాకా నిండింది. పైపుకు నీటిమట్టం కిందే చిన్న చిల్లు పెట్టాను. నీళ్లు అక్కడిదాకా దిగగానే గాలి దూరి సైఫన్ (నీళ్లు వాటంతటవే పైపులోంచి వెనక్కి లాగడం) తెగిపోతోంది. ఆ చిల్లు నాచుతో మూసుకుపోకుండా తరచూ పుల్లతో పొడవాల్సిందే.

ఆవిరైనంత మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోస్తున్నా. ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత (మంచినీళ్లతో పోలిస్తే) 1.025 దగ్గర నిలకడగా ఉంది. క్లౌన్ చేపలు రెండూ మేతకు పైకొస్తున్నాయి!