షెనాండోవా సాలమాండర్ కోసం ఎర్రవీపు సాలమాండర్‌ని తీసెయ్యాలా?

వాసు_ఆష్‌బర్న్
నిన్న షెనాండోవా పార్కులో హాక్స్‌బిల్ శిఖరం ఎక్కి వచ్చినప్పట్నుంచీ మనసులో ఇదే. వేలెడంత షెనాండోవా సాలమాండర్, అంటే బల్లిలా కనిపించే కప్పల చుట్టం, అమెరికాలో వర్జీనియాలోని ఈ పార్కులో మూడు శిఖరాల మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దానికి ఊపిరితిత్తుల్లేవు, చర్మంతోనే గాలి పీల్చాలి. ఒళ్లు ఎండితే ప్రాణం పోయినట్టే. తేమ ఉన్న మట్టినంతా ఎర్రవీపు సాలమాండర్ ఆక్రమించి దీన్ని రాళ్లగుట్టల్లోకి నెట్టేసింది. ఆ మూడు చోట్లయినా ఎర్రవీపు వాటిని ఏరి వేరేచోట వదలాలి.

కృష్ణవేణి
ఒప్పుకోను. ఎర్రవీపుని ఎవరూ తెచ్చి వదల్లేదు, అదీ అక్కడిదే.

రమణ_తెనాలి
ఊపిరితిత్తులు లేకపోతే మొప్పలుంటాయా?

వాసు_ఆష్‌బర్న్
అవీ ఉండవండీ. తోకకప్ప దశే లేదు, గుడ్డులోంచే బుల్లి సాలమాండర్‌గా వస్తుంది. వాగు అక్కర్లేదు, తేమ చాలు.

కృష్ణవేణి
ఏరేవాళ్లు పోల్చుకోవద్దా? రెంటికీ వీపున ఎర్రచార ఉండొచ్చు, లేకపోవచ్చు. పొట్ట తిప్పి చూడాలి. అలా ఎన్ని రాళ్లెత్తుతారు?

రమణ_తెనాలి
అక్కడ ఒక్క రాయి ఎత్తినందుకు మా అబ్బాయిని ఒకాయన అందరి ముందూ కసిరాడు. వాడు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మీరెత్తితే మాత్రం తప్పులేదా?

వాసు_ఆష్‌బర్న్
రాళ్ల గొడవ వదలండి! ఎర్రవీపుకి కెనడా దాకా చోటుంది. దీన్ని 1989లోనే అంతరించిపోయే జాబితాలో చేర్చారు. కృష్ణవేణి గారూ, ఇది పోయినా మీకు బాధ లేదా?

కృష్ణవేణి
ఆ మాట అనకండి. మా నాన్న నల్లమల అంచున మేకలు కాసేవాడు. పులుల కోసమని అడవిలోకి రానివ్వలేదు. ఆయన్నొక్క మాట అడిగినవాళ్లు లేరు. మేకలన్నీ అమ్ముకున్నాం. ఒకదానికోసం ఇంకోదాన్ని తీసెయ్యాలంటే నాకు ఆయన మొహమే గుర్తొస్తుంది. ఎవరుండాలో తేల్చడానికి మీరెవరు?

వాసు_ఆష్‌బర్న్
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ ఇక్కడ మనం ఇప్పటికే జోక్యం చేసుకున్నాం కదండీ. ఎండలు పెంచింది మన పొగే. కింద వేడెక్కితే పైకి జరుగుదామన్నా హాక్స్‌బిల్ 4,051 అడుగుల దగ్గర అయిపోతుంది.

కృష్ణవేణి
అయితే పొగ గురించి అడగండి, నేనూ వస్తాను. ఎర్రవీపు మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం ఒప్పుకోను.

వాసు_ఆష్‌బర్న్
పొగ తగ్గేదాకా ఆ రాళ్ల కింద తేమ నిలుస్తుందా?