“హైలెస్సా”లో లెస్స ఉందా?

“హైలెస్సా” అంటే “హై + లెస్స” అనీ, “దేశభాషలందు తెలుగు లెస్స”లోని లెస్సే ఇదనీ ఇక్కడ ఒకరు రాశారు. చదవడానికి ముచ్చటగా ఉంది కానీ నాకు మనసొప్పడం లేదు. విశాఖ ఒడ్డున అలివి వల లాగుతుండగా ఆ మాట వింటూ పెరిగినవాణ్ణి, అందుకే ఇంత పొడుగు జవాబు.

మాది వన్‌టౌన్. పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకన్న గుడి. తెల్లారగట్ల సుప్రభాతం, అజాన్, ఆదివారం చర్చి గంటలు, రేవులోకి వచ్చే ఓడ కూత, పగలంతా కిళ్లీకొట్టు రేడియో. వీటన్నిటి మధ్య బతికాం. ఇవి ఎంత ఇష్టమో చెప్పలేను. అయినా సెలవులకి పెదజాలారిపేట దగ్గర మేనత్త ఇంటికి వెళ్తే వినబడే పాట వేరు. అది వినిపించడానికి కాదు, వల రావడానికి.

వల ఒక కొస ఒడ్డున ఉంచి, మిగతాది పడవ మీద లోపలికి తీసుకెళ్లి చుట్టూ తిప్పి, రెండో కొస దూరంగా ఒడ్డుకి చేరుస్తారు. రెండు జట్లు రెండు మోకులు పట్టుకుని లాగుతూ లాగుతూ దగ్గరవుతాయి. ఒకాయన చరణం ఎత్తుకుంటాడు, తక్కినవాళ్లు హైలెస్సా అంటారు. గంగమ్మ తల్లి పేరు, అత్తారింటి మీద ఎగతాళి, మోకు వదులుగా పట్టినవాడి మీద ఒక విసురు, ఏదైనా అందులో పడుతుంది. “ఏటిరా, కూడు తిన్లేదేటి?” అన్నది కూడా రాగంలోనే.

ఇప్పుడు మాట చూడండి. “హై” దగ్గర పట్టు సవరించుకుంటారు. “లెస్” దగ్గర ఊపిరి బిగబడతారు. “సా” అంటూ ఒక్కసారిగా వెనక్కి అడుగేస్తారు. మూడూ గురువులే, అంటే రెండేసి మాత్రల అక్షరాలే. ఛందస్సులో దీన్ని మగణం అంటారు. ఆరు మాత్రలు, ఆపైన చేతులు మార్చుకోడానికి రెండు మాత్రల ఖాళీ. లయ ఎనిమిదికి సరిపోతుంది. ఆ జంట సకారం పని కోసం పుట్టింది, పొగడ్త కోసం కాదు.

వ్యాఖ్య: మాది చెన్నై రాయపురం అండీ, ఇంట్లో తెలుగే. ఇక్కడ సముద్రం మీద “ఐలసా” అంటారు. ద్విత్వం లేదు. మరి మీ లెక్క?

జవాబు: చాలా మంచి మాట చెప్పారమ్మా. “ఐలసా” రగణం, మధ్యలో లఘువు, అంటే ఒకే మాత్ర అక్షరం. అక్కడ విరుపు తేలిక, మన దగ్గర బరువు. బెంగాలీలో “హేఁయో”, హిందీలో “హైయా హో” ఉన్నాయి. ఇన్ని భాషల్లో దగ్గరదగ్గరి ధ్వనులే ఉన్నప్పుడు, మన ఒక్క మాటకి “లెస్స” మూలం అనడం కష్టం. ఊపిరి బిగపట్టి వదిలేటప్పుడు నోటికి వచ్చే ధ్వనులివి.

వ్యాఖ్య: లెస్స అన్నది నేనే. సరే మాస్టారూ, మరి నిఘంటువులో ఏమని రాయాలంటారు?

జవాబు: “ఉత్సాహాన్ని తెలిపే అవ్యయం” అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అన్యాయం. “పలువురు కలిసి బరువు లాగేటప్పుడు, అందరి బలం ఒకే క్షణంలో పడేందుకు పలికే పల్లవి” అని రాయాలి. అది ఏ పనిలో పలుకుతారో కూడా చెప్పాలి. ఎందుకంటే ఇప్పుడు ఫైబర్ బోట్లు, ఇంజన్లు వచ్చాక ఆ పని తగ్గింది. పిల్లలకి ఈ మాట సినిమా పాటల్లోనే తెలుసు. పల్లవి ఎలాగోలా బతుకుతుంది, నా బెంగంతా చరణాల గురించే. వాటిని అప్పటికప్పుడు కట్టేవారు, ఎవరూ రాసిపెట్టుకోలేదు. భీమిలి, పూడిమడక, కళింగపట్నం వైపు వాళ్లు ఎవరైనా ఉంటే ఇంట్లో పెద్దల్ని అడిగి, దొరికినంత ఇక్కడ పెట్టండి. యాస దిద్దకండి. బూతున్నా తీసేయకండి.