ఐటీసీ సైట్‌లో మా కోడ్ కొడితే ఏమీ రావట్లేదు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అంబత్తూరు మిల్లు:
సాయంత్రం నాలుగింటి నుంచి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండున్నర. ఐటీసీ సైట్‌లో ఎనిమిదంకెల కోడ్ కొడుతుంటే ఖాళీ పేజీ తప్ప ఏమీ రావట్లేదు. సంవత్సరం మార్చాను, బ్రౌజర్ మార్చాను, మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో కూడా చూశాను, అదే వరస. లాగిన్ మాత్రం అవుతోంది. మేం సరుకు పంపబోయే దేశంవాళ్ళు ఏటా ఎంత కొంటున్నారో రేపు పదింటికి బ్యాంకులో కాగితం మీద చూపించాలి, లేకపోతే లోన్ మళ్ళీ వచ్చే నెలకి పోతుంది. మా బావగారు "అది ఐక్యరాజ్యసమితి వాళ్ళది, మనలాంటి దేశాల కోసమే పెట్టారు, పైసా కట్టక్కర్లేదు" అని చెప్పి ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. దయచేసి తెలిసినవాళ్ళే చెప్పండి, టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

జీరో రేటెడ్:
బ్రదర్, ఐటీసీ (కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీకి వచ్చే క్రెడిట్) కనబడట్లేదంటే మీ సప్లయర్ అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వేయలేదన్నమాట. ముందు మీ క్రెడిట్ లెక్క చూపించే 2బి డౌన్‌లోడ్ చేసి చూడండి. అసలు మనవాళ్ళు చేసే తప్పేంటంటే ఎగుమతి మొదలుపెట్టేటప్పుడు ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) వేయరు, తర్వాత ఐజీఎస్టీ కట్టేసి రీఫండ్ కోసం తిరుగుతుంటారు. ఎల్‌యూటీ ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా వేయాలి, పోయినేడాది వేశాం కదా అంటే కుదరదు. మీరు వేశారా లేదా?

అంబత్తూరు మిల్లు:
బ్రదర్ కాదండి, సిస్టర్. జీఎస్టీ ఐటీసీ కాదు, జెనీవా ఐటీసీ, దేశాల ఎగుమతి దిగుమతి లెక్కలుండేది.

గిండీ బస్టాప్:
నేను మా గిండీలో హోటల్ అనుకున్నాను. అంత పెద్ద హోటల్‌కి ఎనిమిదంకెల కోడ్ ఉన్నా ఉంటుందిలే అని :)

షిప్పింగ్ బిల్లు:
ఏ సరుకు? ఏ దేశం? ఏ కోడ్? జెనీవా ఐటీసీకి చాలా సైట్లున్నాయి, అందులో ఏది?

పాత మద్రాసు:
జెనీవా ఐటీసీ అన్నారు కాబట్టి చెబుతున్నాను, దాన్ని ఉత్త ఐక్యరాజ్యసమితి సంస్థ అనకూడదు. 1964లో గాట్ (దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం) కింద పుట్టింది, 1968 నుంచి గాట్‌కీ అంక్టాడ్‌కీ (ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి విభాగం) ఉమ్మడి సంస్థ అయింది, 1995లో గాట్ స్థానంలో డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) వచ్చింది కాబట్టి ఇప్పుడు డబ్ల్యూటీవో, ఐక్యరాజ్యసమితి కలిసి పోషిస్తున్నాయి. అంక్టాడ్ కూడా 1964దే. దాని మొదటి సెక్రటరీ జనరల్ అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్. మనలాంటి దేశాలు అమ్మే కాఫీ, పత్తి, మిరప ధరలు కాలం గడిచేకొద్దీ మనం కొనే యంత్రాల ధరల ముందు దిగజారిపోతుంటాయి, కాబట్టి ఎంత అమ్మినా ఎదగలేం అని ఆయన వాదన. అంక్టాడ్ రెండో మహాసభ 1968లో మన ఢిల్లీలోనే జరిగింది. వర్ధమాన దేశాల సరుకు మీద పన్ను తగ్గించాలనే జీఎస్‌పీకి అక్కడే ఒప్పుకున్నారు. ఐరోపా 1971లో మొదలుపెట్టింది, అమెరికా 1976లో మొదలుపెట్టి 2019 జూన్‌లో మనల్ని తీసేసింది. ధరల కోసం పోట్లాడటానికి పుట్టిన వాళ్ళు ఇప్పుడు వెబ్‌సైట్లు పెట్టి, మీ బేరం మీరే వెతుక్కోండి అంటున్నారు. ఖాళీ పేజీ వచ్చిందంటే నాకేం ఆశ్చర్యంగా లేదు.

షిప్పింగ్ బిల్లు:
సార్, ఆవిడకి పదింటికి బ్యాంకు.

అంబత్తూరు మిల్లు:
సరుకు చెప్పలేదా నేను? సారీ. కారం. గుంటూరు నుంచి కాయ తెప్పించి ఇక్కడ ఆడిస్తాం, ఎక్కువ సన్నం రకమే. కోడ్ 09042211, మా సీఏ ఇచ్చిందే, ఇన్వాయిస్ మీద కూడా అదే ఉంటుంది. దేశం నెదర్లాండ్స్. సైట్ పేరు ట్రేడ్ మ్యాప్.

షిప్పింగ్ బిల్లు:
చివరి రెండంకెలు తీసేయండి. 090422.

అంబత్తూరు మిల్లు:
తీసేస్తే తప్పు కోడ్ అవదా? కోడ్ తప్పయితే కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు ఆగిపోతుందని సీఏ భయపెట్టాడు. పైగా మా కాగితాల మీద ఐటీసీ హెచ్‌ఎస్ కోడ్ అనే ఉంది, సైట్ కూడా ఐటీసీ వాళ్ళదే, మరి ఎందుకు తీసుకోదు?

షిప్పింగ్ బిల్లు:
ఇదా సంగతి! మీ కాగితం మీద ఐటీసీ అంటే ఇండియన్ ట్రేడ్ క్లాసిఫికేషన్, మన కేంద్రప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ వాళ్ళది. సైట్ ఐటీసీ అంటే ఇంటర్నేషనల్ ట్రేడ్ సెంటర్. రెండింటికీ చుట్టరికం లేదు. ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉండేది మొదటి ఆరంకెలే, ఆ తర్వాతవి ఏ దేశానికి ఆ దేశం తగిలించుకుంటుంది. మనం 11 అని పెట్టుకున్నాం, ఐరోపా వాళ్ళది 09042200. నెదర్లాండ్స్ పేజీలో మన ఎనిమిదంకెలు కొడితే వాళ్ళ లెక్కలో అలాంటి వస్తువే లేదు. షిప్పింగ్ బిల్లు మీద మాత్రం ఎనిమిదీ వేయండి, అక్కడ తీసేయకండి.

అంబత్తూరు మిల్లు:
వచ్చింది!! కానీ ఇంత చిన్న అంకెలేంటి? ఒక దేశం మొత్తం ఏడాదికి కొనేది ఇంతేనా, మా వీధి చివర కొట్టువాడు ఇంతకంటే ఎక్కువ అమ్ముతాడు. ఇది చూస్తే బ్యాంకు మేనేజర్ నవ్వుతాడు.

షిప్పింగ్ బిల్లు:
పట్టిక పైన చిన్న అక్షరాల్లో చూడండి. వేల డాలర్లు. పక్కన మూడు సున్నాలు చేర్చుకోండి. ఇంకోటి, 2012 కంటే వెనక్కి వెళ్తే 090422 దొరకదు, అంతకుముందు ఎండుకాయ, పొడి రెండూ 090420 కిందే ఉండేవి. వెనకటి సంవత్సరాలు కలిపి చూపిస్తే ఉన్నట్టుండి పెరిగినట్టో తరిగినట్టో కనిపిస్తుంది, కాబట్టి ఈమధ్య ఐదేళ్ళు చాలు.

అంబత్తూరు మిల్లు:
మార్కెట్ యాక్సెస్ మ్యాప్ అని ఇంకోటి కూడా తెరిచాను, పన్నులు ఉన్నాయి అందులో. ఎంఎఫ్ఎన్ అని ఒక వరస, జీఎస్‌పీ అని ఇంకో వరస. ఎంఎఫ్ఎన్ అంటే అత్యంత ప్రాధాన్య దేశం కదా, మనకి వచ్చే తక్కువ పన్ను అదే కదా?

పాత మద్రాసు:
కాదమ్మా, అదే మామూలు రేటు. డబ్ల్యూటీవో సభ్యులందరికీ వేసేది. పేరు చూసి మోసపోకూడదు.

జీరో రేటెడ్:
మామూలు రేటు ఎలా అవుతుందండి? 2019లో పుల్వామా తర్వాత పాకిస్తాన్‌కి ఎంఎఫ్ఎన్ తీసేశారని అన్ని పేపర్లలో వచ్చింది. గొప్ప హోదా కాకపోతే తీసేయడం ఎందుకు?

పాత మద్రాసు:
తీసేశాక ఏం చేశామో కూడా చదివారా? 200 శాతం పన్ను వేశాం. అందరితో పాటు ఉండే పంక్తి లోంచి లేపడం అది. పంక్తిలో కూర్చున్నవాడికి రెండు గరిటెల నెయ్యి ఎక్కువ పడదు, విస్తరి వేస్తారంతే. ఆ నెయ్యి పేరే జీఎస్‌పీ.

గిండీ బస్టాప్:
మరి బంగ్లాదేశ్‌కి దాదాపు అన్నిటి మీదా సున్నా ఎలా వస్తోంది? వాళ్ళూ వర్ధమానమే, మనమూ వర్ధమానమే.

పాత మద్రాసు:
వాళ్ళు అత్యల్ప వర్ధమాన దేశం. ఆ జాబితా ఐక్యరాజ్యసమితి రాస్తుంది, దానికి లెక్కలున్నాయి. ఆ జాబితాలో ఉన్నవాళ్ళకి ఐరోపా 2001 నుంచి ఆయుధాలు తప్ప అన్నిటి మీదా సున్నా పన్ను ఇస్తోంది. వర్ధమాన దేశం అనేది మాత్రం డబ్ల్యూటీవోలో ఎవరికి వారు చెప్పుకునేదే, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. చైనా కూడా అలాగే చెప్పుకుంది...

జీరో రేటెడ్:
చెప్పుకుంటే సరిపోతే నేనూ బీపీఎల్ అని చెప్పుకుంటాను.

ల్యాబ్ రిపోర్ట్:
పన్నుల సంగతి తర్వాత. కారం అంటున్నారు, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా మీకు? అది లేకుండా మసాలా దినుసులు ఎగుమతి చేయడానికే లేదు. ఐరోపాలో మిరప్పొడికి అఫ్లటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) బి1 కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం కలిపి 10 దాటకూడదు. మన మిరపని అక్కడ మామూలు కంటే ఎక్కువగా తనిఖీ చేస్తారు. కళ్ళంలో కాయ తడిసినా, సరిగ్గా ఆరకపోయినా బూజు పడుతుంది, తాలు కాయ కలిపి ఆడిస్తే ఇంక చెప్పక్కర్లేదు, అక్కడ కంటైనర్ ఆగుతుంది. కల్తీ ఎరుపు, సూడాన్ రంగు పరీక్ష సరేసరి. ఈపింగ్ అని ఒక సైటుంది, డబ్ల్యూటీవో, ఐక్యరాజ్యసమితి, ఈ ఐటీసీ కలిసి నడుపుతాయి, మీ సరుకు, దేశం ఇచ్చి పెట్టుకుంటే వాళ్ళు రూల్ మార్చబోతున్నప్పుడే ఈమెయిల్ వస్తుంది. ఐటీసీ వాళ్ళ మొత్తం సైట్లలో నాకు పనికొచ్చింది అదొక్కటే. అలాగే నెదర్లాండ్స్ అంటున్నారు కదా, సీబీఐ వాళ్ళ మసాలాల రిపోర్టులు ఉచితమే, చదవండి.

గిండీ బస్టాప్:
కారానికి సీబీఐ ఎంక్వైరీనా!

ల్యాబ్ రిపోర్ట్:
ఆ సీబీఐ కాదు. వర్ధమాన దేశాల నుంచి దిగుమతులు పెంచడానికి డచ్ ప్రభుత్వం పెట్టిన సంస్థ.

పాత మద్రాసు:
ప్రభుత్వ సంస్థ అంటే అంతర్జాతీయ సంస్థ కాదు, గమనించాలి. 1971లో పెట్టారు, సరిగ్గా ఐరోపా జీఎస్‌పీ మొదలైన ఏడాది.

షిప్పింగ్ బిల్లు:
మేడం, మొదటి కన్‌సైన్‌మెంట్ విలువ 6,000 యూరోల లోపు ఉంటే జీఎస్‌పీ కోసం రెక్స్ (ఎగుమతిదారుల నమోదు) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్వాయిస్ మీద సరుకు ఇండియాదే అనే ఆరిజిన్ స్టేట్‌మెంట్ మీరే రాసుకోవచ్చు. దాటితే రెక్స్ ఉండాలి. ఎంత పంపుతున్నారు?

షిప్పింగ్ బిల్లు:
మేడం?

అంబత్తూరు మిల్లు:
ఇప్పుడే చూశాను, పొద్దున ప్రింటర్‌లో ఇంక్ అయిపోయి అదొక గొడవ. బ్యాంకులో చూపించాను, నెదర్లాండ్స్ ఒక్కటే కాదు జర్మనీ కూడా తెమ్మన్నారు. ఆరంకెలు చెప్పినవాళ్ళకి థ్యాంక్స్. స్పైసెస్ బోర్డుది అప్లై చేశాను, ఇంకా రాలేదు. బావగారు ఇప్పుడు ఫోన్ చేసి "నేను చెప్పలా" అంటున్నారు.

జీరో రేటెడ్:
ఎల్‌యూటీ సంగతి చెప్పనే లేదు మీరు.

వేళచ్చేరి వంటిల్లు:
నాకూ ఇదే ప్రాబ్లం అండి, సాంబారు పొడి, ఇడ్లీ కారం రెండూ సింగపూర్ పంపాలి, రెండింటికీ ఒకటే కోడా?

షిప్పింగ్ బిల్లు:
కొత్త పోస్ట్ పెట్టండి. ఏం కలుపుతారో, దేశం, సైట్ పేరు అన్నీ ముందే రాయండి.