కరువు దేశాలకు మన దొడ్డు బియ్యం పంపుడా, పైసలు పంపుడా?

ఏనుమాముల: మన తెలంగాణల రేషన్‌కు 2025 నుంచి సన్నబియ్యం వచ్చినయి. యాసంగి (రబీ) దొడ్డు వడ్లకు ఇక్కడ గిరాకీ తగ్గింది. ఆ బియ్యాన్నే సాయంగా పంపాలంటా. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం లెక్కలో మనిషికి రోజుకు 400 గ్రాముల ధాన్యం, నెలకు 12 కిలోలు. 2025లో కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు పోయిన తొలి ఓడలో మన బియ్యం 12,500 టన్నులు. అది అమ్మకమే గానీ, అంత సరుకు పది లక్షల మందికి నెల గ్రాసం.

హన్మకొండ లెక్క: అన్నా, 400 గ్రాముల బియ్యంతో 1,400 క్యాలరీలే. కావాల్సింది 2,100. పప్పు, నూనె ఎవరిస్తరు? జొన్న, మక్క తినేటోళ్లకు బియ్యమిస్తే సగం అగ్గువకు అమ్ముకుంటరు. అమెరికా 1954 నుంచి సొంత ధాన్యం పంపుతున్నది, అందులో సగం తమ జెండా ఓడల్లోనే పోవాలని షరతు. సాయం పైసలు ఓడ కిరాయికే కరుగుతయి. కెనడా తన ధాన్యమే కొనాలన్న షరతును 2008లో తీసేసింది. అందుకే పైసలే పంపాలంటా.

ఏనుమాముల: సంతలో సరుకే లేని చోట పైసలిస్తే ధర పెరుగుడు తప్ప ఇంకేముంటది?

మిల్లు మాట: ఇద్దరూ అసలు బియ్యం సంగతి విడిచిపెట్టిండ్రు. యాసంగి వడ్లు ఎండలకు లోపలే పగులుతయి, పచ్చిగా ఆడిస్తే నూకలు. నానబెట్టి ఆవిరి పడితే గింజలో పిండి మెత్తబడి పగులు అతుక్కుంటది. అందుకే ఉప్పుడు బియ్యమే పంపాలె. క్వింటాలు వడ్లకు 68 కిలోల ఉప్పుడు బియ్యం సర్కారు లెక్క. బియ్యంలో తేమ 14 శాతం దాటితే మాత్రం కథ వేరు. మూసిన కంటైనర్ పగలు కాగి రాత్రి చల్లారితే పైరేకుకు చెమట పట్టి బస్తాల మీద చుక్కలు పడతయి. పై వరుసంతా బూజే.

హన్మకొండ లెక్క: మన గేటు సంగతి కూడా చూడాలె. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపినం, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసినం. ఆ నెలే ప్రపంచంలో బియ్యం ధర 15 ఏళ్ల గరిష్ఠానికి పోయింది. నిషేధం 2024 సెప్టెంబరు దాకా ఉన్నది. ఆహార కార్యక్రమం కొనే సరుకుకు ఎగుమతి నిషేధాల నుంచి 2022లోనే డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) మినహాయింపు ఇచ్చింది, మామూలు షావుకారికి అది లేదు. పేద దేశాల్లో బజారు నింపేది అతనే. ఒక చేత్తో ఓడ పంపి ఇంకో చేత్తో గేటు మూస్తే ఎట్లా?

ఏనుమాముల: గేటు సంగతి నిజమే, ఒప్పుకుంటున్న. బజారు ఖాళీ అయిన చోటికి బియ్యం పోవాలన్న మాట మాత్రం మార్చుకోను. మిల్లు అన్నా, గోనె సంచి మంచిదా, ప్లాస్టిక్ నేతదా?

మిల్లు మాట: గోనె గాలి ఆడనిస్తది గానీ తేమ పీలుస్తది. ప్లాస్టిక్ తేలిక, అయితే దొంతి ఎత్తు పెరిగితే జారుతది. ఏదైనా పైవరుస మీద మందం అట్ట పరచాలె.