ఐటీఐ డీజిల్ మెకానిక్ అయ్యాక డీలర్ సర్వీసా, మేస్త్రీ షెడ్డా?

డౌట్_డీజిల్: ఏడాది కోర్సు పూర్తయి, ప్రొక్లైన్లు, జేసీబీల మీదే పని చేయాలనుకునే కుర్రాడు ముందు ఎక్కడ చేరాలి? మొదటి జీతం ఎంతొస్తుందన్నది పక్కనపెట్టి చెప్పండి.

గేజి_బాబాయ్: డీలర్ దగ్గరే. అక్కడ ముందు కొలవడం అలవాటవుతుంది. బండి మొత్తం మందగించిందంటే షెడ్డులో నేరుగా హైడ్రాలిక్ పంపు దించేస్తారు. దించేముందు ఆయిల్‌ను 50 డిగ్రీలకు వేడెక్కించి ప్రెషర్ గేజి పెట్టాలి. 20 టన్నుల ప్రొక్లైన్‌లో బూమ్ చివరిదాకా లేపి పట్టుకుంటే చాలా మోడళ్లలో మెయిన్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 350 కేజీల దరిదాపుల్లో ఉండాలి, పైలట్ (లివర్ల నుంచి వాల్వులను కదిపే చిన్న ప్రెషర్) 40 దగ్గర. పైలట్ 25కి పడితే అన్ని కదలికలూ నీరసపడతాయి, మెయిన్ పంపు మాత్రం బాగానే ఉండొచ్చు. ఒక్క బకెట్టే మందగిస్తే దాని స్పూలు (ఆయిల్‌ను అటూ ఇటూ మళ్లించే వాల్వు కడ్డీ), దాని పోర్ట్ రిలీఫ్ (ప్రెషర్ మించితే వదిలే వాల్వు), దాని సిలిండర్ సీళ్లు చూడాలి. లక్షల పంపు జోలికెందుకు?

చీమకుర్తి_స్పానర్: అన్నా, డీలర్ దగ్గర కొత్తవాడి చేతికి గేజి ఎవరిస్తారు? చాలాకాలం ఫిల్టర్లే. 500 గంటలకు ఇంజిన్ ఆయిల్, 1000కి హైడ్రాలిక్ ఫిల్టర్, మళ్లీ అదే. పంపు పోతే విప్పకుండా మొత్తం అసెంబ్లీ మార్చేస్తారు. పంపు లోపలి పిస్టన్ షూలు, వాల్వ్ ప్లేటు ఎలా అరిగాయో కంటితో చూసే అవకాశం షెడ్డులోనే. బకెట్ పిన్ను బోరు అరిగితే వెల్డింగు నింపి లైన్ బోరింగ్ చేయడం (రంధ్రాలను ఒకే వరుసలో మళ్లీ సరైన సైజుకు తొలచడం), గ్రానైట్ క్వారీ దుమ్ముకు రేడియేటర్ మూసుకుపోతే విప్పి కడగడం అక్కడే వస్తాయి.

గేజి_బాబాయ్: విప్పడం వస్తుంది, ఒప్పుకుంటా. బిగించేటప్పుడే తంటా. పగిలిన పంపు తాలూకు ఇత్తడి రజను ట్యాంకులో, ఆయిల్ కూలర్‌లో ఉండిపోతుంది. ట్యాంకు కడిగి, కూలర్‌ను వదిలేస్తారు. అదే రజను కొత్త పంపునూ తినేస్తుంది. పంపు కేసులో ఆయిల్ నింపకుండా స్టార్ట్ కొడితే అంతకన్నా ముందే పోతుంది.

కామన్_రైల్: ఇద్దరూ పాత బళ్ల లెక్కలోనే ఉన్నారు. పొగ కాలుష్య నిబంధనల ప్రకారం కొత్త చక్రాల బళ్లు 2021 ఏప్రిల్ నుంచి స్టేజ్ 4, 2025 నుంచి స్టేజ్ 5. వీటిలో చాలావాటి కామన్ రైలులో, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో, ఒత్తిడి 1600 బార్ దాకా, ఆపైన కూడా ఉంటుంది. గాలి తీయడానికి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు, డీజిల్ ధార చర్మంలోకి దిగుతుంది. ఇంజిన్ ఆపి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే స్పానర్ పెట్టాలి. ల్యాప్‌టాప్, వైరింగ్ డయాగ్రం లేని షెడ్డులో సెన్సర్ పోయిందా, ఎర్త్ వదులైందా తేల్చేదెలా? మల్టీమీటర్ పట్టడం రాకపోతే మంచి సెన్సర్లనే మార్చుకుంటూ కూర్చోవాలి.

చీమకుర్తి_స్పానర్: క్వారీల్లో పాత బళ్లే ఇంకా నడుస్తున్నాయి కదా, వాటి యజమాని డీలర్‌ను పిలవడు.

గేజి_బాబాయ్: పిలవడు, నిజమే. కానీ గల్ఫ్‌కో, సింగరేణిలో ఓబీ (బొగ్గు పైనున్న మట్టి, రాయి) తీసే కాంట్రాక్టర్ దగ్గరికో వెళ్తే అనుభవ పత్రం అడుగుతారు. మేస్త్రీ ఏమిస్తాడు?

కామన్_రైల్: అందుకే డౌట్ తమ్ముడూ, ముందు డీలర్ దగ్గర అప్రెంటిస్‌గా చేరు. ఇంటర్వ్యూలో ఒక్కటి అడుగు: "ఫీల్డ్ కాల్స్‌కు అప్రెంటిస్‌ను పంపుతారా?" వాషింగ్ బేలోనే ఉంచుతామంటే స్పానర్ అన్న చెప్పిన షెడ్డే నయం. ఎక్కడ చేరినా ట్రాక్ టెన్షన్ గ్రీజు వాల్వును (ప్రొక్లైన్ చైను బిగువు సరిచేసేది) ఒక చుట్టు మించి వదులు చేయకు, ముఖం దాని ఎదుట పెట్టకు. లోపలి ఒత్తిడికి వాల్వు బుల్లెట్‌లా వస్తుంది.