వానా మంచూ కలిసి కురిసే శీతకాలపు తుఫాను: హద్దును ఎలా నిర్ణయిస్తారు?

ఉత్తరగాలి: ఒక ప్రాంతం మీదుగా వెళ్లబోయే శీతకాలపు తుఫానుకు అంచనా తయారు చేస్తున్నాను. నేల దగ్గర ఉష్ణోగ్రత 1 నుంచి 3 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుందనడంలో మోడళ్ల (వాతావరణాన్ని అంచనా కట్టే కంప్యూటర్ లెక్కల) మధ్య పేచీ లేదు గాని, పడేది వానా మంచా అన్న దగ్గర ఒక్కొక్కటి ఒక్కో మాట చెబుతోంది. ఈ రెండింటి హద్దును మీరు దేన్ని చూసి నిర్ణయిస్తారో తెలుపగలరు.

పాతబారోమీటర్: నేను మొదట చూసేది 1000 (నేల దగ్గర), 500 (సుమారు అయిదున్నర కిలోమీటర్ల ఎత్తు) హెక్టోపాస్కల్ పీడన స్థాయిల మధ్యనున్న గాలిపొర మందం; గాలి చల్లగా ఉంటే ఈ మందం తగ్గుతుంది. అది 5,400 మీటర్లకు దిగువన ఉంటే మంచు, ఎగువన ఉంటే వాన అన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. దానితోపాటు 850 హెక్టోపాస్కల్ (సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తు) వద్ద సున్నా డిగ్రీల గీత ఎక్కడుందో చూస్తాను. పల్లపు ప్రాంతాలకు ఈ రెండూ ఇప్పటికీ పనికొస్తాయి.

నిలువుకోత: పనికొస్తాయి, తొలి జల్లెడగా మాత్రమే. మందం చెప్పేది ఆ పొర మొత్తానికి సగటు ఉష్ణోగ్రతనే. సగటు చల్లగానే కనబడుతున్నా, 700, 850 హెక్టోపాస్కల్ స్థాయిల నడుమ వెచ్చని గాలిపొర ఒకటి చొరబడి ఉండవచ్చు; ఆ రెండు స్థాయిల పటాలను మాత్రమే చూసేవారికి అది కనిపించనే కనిపించదు. అందుకే నేను ప్రతి చోటికీ సౌండింగ్ (ఎత్తును బట్టి ఉష్ణోగ్రత, తేమ ఎలా మారతాయో చూపే పటం) తెరిచి, కింది నుంచి పైదాకా ఉష్ణోగ్రత గీతను వెంబడిస్తాను. ఆ వెచ్చని పొరలో గరిష్ఠ ఉష్ణోగ్రత 1 డిగ్రీ లోపు ఉంటే మంచు రేకులు చాలావరకు నిలుస్తాయి. 1 నుంచి 3 డిగ్రీల మధ్య సగం కరిగి, కింద చల్లని పొర తగినంత మందంగా ఉంటే మళ్లీ గడ్డకట్టి గుళికలవుతాయి. 3 డిగ్రీలు దాటితే పూర్తిగా కరిగిపోతాయి. అప్పుడు నేల సున్నాకు దిగువన ఉంటే కురిసేది ఫ్రీజింగ్ రెయిన్, అంటే తాకిన చోటే గడ్డకట్టే వాన. ఈ చివరి రెండింటినీ బయట నిలబడితే చెవితోనే పోల్చుకోవచ్చు: గుళికలు కిటికీ అద్దానికి తగిలి టకటకమంటూ ఎగిరిపడతాయి, ఫ్రీజింగ్ రెయిన్ మామూలు జల్లులాగే పడుతూ ప్రతి రెమ్మకూ గాజు తొడుగు వేస్తుంది.

తేమలెక్క: మీ సందర్భంలో నేల దగ్గర గాలి ఎంత పొడిగా ఉందో ముందు చూడండి. ఉష్ణోగ్రత 3 డిగ్రీలు, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మైనస్ 6 అనుకుంటే, వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరచగల హద్దు) సున్నాకు కాస్త దిగువన ఉంటుంది. తొలి చినుకులు ఆవిరవుతూ గాలిని అక్కడికే లాగుతాయి కాబట్టి, వానగా మొదలైనది మంచుగా మారడానికి పూర్తి అవకాశం ఉంది. అదే 3 డిగ్రీల వద్ద గాలి ముందే తడిసి ఉంటే ఈ చల్లదనం దొరకదు. నా దృష్టిలో థర్మామీటర్ కంటే ఇదే ముఖ్యం.

కరుగుపొర: దానికి కురిసే జోరును కూడా కలపాలి. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి, అది చుట్టూ ఉన్న గాలి నుంచే వస్తుంది. 10 మిల్లీమీటర్ల నీటికి సమానమైన మంచు కరిగితే, 100 హెక్టోపాస్కల్ మందమున్న గాలిపొర సుమారు 3 డిగ్రీలు చల్లబడుతుంది. జోరుగా కురిసే పట్టీ కింద మంచు, దాని పక్కనే తేలికపాటి వాన ఉండటానికి కారణం ఇదే. అయితే వెచ్చని గాలి అదే ఎత్తులో ఎడతెగకుండా వస్తుంటే ఈ చల్లదనం నిలవదు. గాలి దిశను చూడకుండా ఈ లెక్కను నమ్మకూడదు.

రాడార్‌చూపు: తుఫాను మొదలయ్యాక మోడళ్లను పక్కనపెట్టి రాడార్‌ను చూడడం మేలు. కరుగుతున్న రేకులకు నీటిపొర పట్టడం వల్ల ప్రతిధ్వని బలపడి, ఒక ప్రకాశవంతమైన పట్టీగా కనిపిస్తుంది. గంటగంటకూ ఆ పట్టీ కిందికి దిగుతుంటే మంచు నేలకు చేరువవుతున్నట్టే.

నిలువుకోత: ఒక్క మాట. ఎంత మంచు పేరుకుంటుందో చెప్పేటప్పుడు, 1 మిల్లీమీటరు నీటికి 1 సెంటీమీటరు మంచు అనే పదింతల లెక్కను ఇక్కడ వాడకండి. సున్నా దగ్గర పడే తడిమంచు అయిదింతలే కావచ్చు, అందులోనూ కొంత నేల తాకగానే కరిగిపోతుంది. అయినా అది బరువైనది. కొమ్మలకూ తీగలకూ అతుక్కుని తెంపేది ఇలాంటిదే. లోతు తక్కువని హెచ్చరికను తగ్గించడం సరికాదు.

ఉత్తరగాలి: అందరికీ కృతజ్ఞతలు. డ్యూ పాయింట్లు చూశాను: ఉత్తర భాగంలో గాలి బాగా పొడిగా ఉంది, దక్షిణాన అప్పటికే తడిసి ఉంది. కాబట్టి ఒకే గీతకు బదులు వెడల్పైన పట్టీని గీసి, అందులో "మొదట వాన, జోరు పెరిగితే మంచు" అని రాయాలనుకుంటున్నాను. గుట్టలున్న చోట ఏం చేయాలి?

పాతబారోమీటర్: గుట్టలను విడిగానే చెప్పండి. కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున లెక్కవేసినా, 200 మీటర్ల ఎత్తుకే 1.3 డిగ్రీల తేడా వస్తుంది. మీ అంచనాలోని అనిశ్చితి అంతా దాదాపు అంతే. పట్టీని పల్లానికి గీసి, ఏ ఎత్తుకు పైన మంచు ఖాయమో మీటర్లలో రాయండి.